‘నా’ అన్న ఒక్క అక్షరం ఇన్ని భాషల్లో ఇన్ని అర్థాలతో కనిపించడం చుట్టరికమా, కాకతాళీయమా?

ప్రశ్న: సంచారి

కొరియన్ భాష నేర్చుకోవడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. మొదటి పాఠంలోనే ‘నా’ అంటే ‘నేను’ అని చెప్పారు. కొన్నాళ్లకు, వాడుక మాటల్లో ‘ని’ అంటే ‘నీ’ అని తెలిసింది. ఆ రెండు మాటలు వినగానే, ఎక్కడో తప్పిపోయిన బంధువు ఎదురైనట్టు అనిపించిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

అప్పటినుంచి నోటుపుస్తకంలో ‘నా’ కోసం ఒక పుట కేటాయించి, ఆ ధ్వని ఏ భాషలో ఎదురైనా అక్కడ రాసుకుంటూ వచ్చాను. ఇప్పుడా పుట నిండిపోయింది. రష్యన్‌లో ‘నా’ అంటే ‘మీద’. అదే మాటను ఏదైనా వస్తువు చేతికిస్తూ విడిగా అంటే ‘ఇదుగో, తీసుకో’ అని అర్థం. స్వాహిలీలో ‘మరియు’ అనీ, ‘తో’ అనీ. హీబ్రూలో ‘దయచేసి’. పోర్చుగీసులో స్త్రీలింగ పదానికి ముందు వస్తే ‘లో’. ఐరిష్‌లో బహువచనానికి ముందు వచ్చే ఉపపదం, అంటే ఇంగ్లీషు ‘ది’ లాంటిది. అరబ్బీలో మాట చివర చేరితే ‘మా’ లేక ‘మన’. ‘కితాబునా’ అంటే ‘మా పుస్తకం’. ఆఫ్రికాలోని హౌసాలో జరిగిపోయిన పనిని చెప్పేటప్పుడు క్రియకు ముందు ‘నేను’. ‘నా జో’ అంటే ‘నేను వచ్చాను’. థాయ్‌లో వరిపొలం, జపనీస్‌లో పేరు, తమిళంలో నాలుక, సంస్కృతంలోనూ హిందీలోనూ ‘కాదు’.

వీటిలో వరిపొలమూ నాలుకా కాకతాళీయమని నేనే కొట్టివేయగలను. కానీ తెలుగు ‘నా’, కొరియన్ ‘నా’, హౌసా ‘నా’, అరబ్బీ ‘నా’ అన్నీ మాట్లాడే మనిషినే చూపిస్తున్నప్పుడు, వాటి వెనుక ఏదో ఒక పాత మూలం ఉండకుండా ఉంటుందా? ఉందనిగానీ లేదనిగానీ తేల్చడానికి పద్ధతి ఏమిటో, తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరా?

జవాబు: పాతపుటలు

సంచారి గారూ, మీ పుట ముచ్చటగా ఉంది. అయితే అందులోని ప్రతి మాటనూ మీరు ఈనాటి రూపంలోనే రాసుకున్నారు. ఇద్దరు మనుషులు అన్నదమ్ములా కాదా అని తేల్చవలసి వచ్చినప్పుడు, వారు ఈ ఉదయం వేసుకున్న చొక్కాల రంగును చూసి నిర్ణయించం కదా. మాటల విషయంలోనూ అంతే; వెనక్కి వెళ్లిన కొద్దీ దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా అన్నదే చూడవలసిన విషయం. తెలుగు ‘నా’ విషయంలో ఆ ప్రయాణం ఎంత దూరం తీసుకుపోతుందో చూడండి.

ఇప్పుడు మనం ‘నేను’ అంటున్నాం. కవిత్రయం పద్యాలు చదివినవారికి ‘ఏను’ అనే రూపం పరిచితమే. అలాగే ‘మేము’ అనే చోట ‘ఏము’. పాత తమిళంలో ‘యాన్’, హళెగన్నడంలో ‘ఆన్’. ఆ రెండు భాషల్లోనూ ‘నాన్’, ‘నాను’ అన్నవి తరువాత స్థిరపడిన రూపాలు. అంటే మన ద్రావిడ భాషాకుటుంబంలోని పాత రూపాలన్నీ అచ్చుతోనో యకారంతోనో మొదలవుతున్నాయి. మాట మొదట్లో నకారం లేనే లేదు, ఉన్నదల్లా చివర.

మరి ‘నా’ ఎక్కడిది? తమిళంలో ‘నా’ అనే అర్థంలో ‘ఎన్’ అంటారు. ఇప్పుడు ఈ జతలను పక్కపక్కన పెట్టి చూడండి: తమిళం ‘అవన్’, తెలుగు ‘వాడు’, ‘ఇవన్’, ‘వీడు’, ‘ఉరల్’, ‘రోలు’, ‘ఇరండు’, ‘రెండు’. ప్రతిచోటా మొదటి అచ్చు పక్కకు జరిగి, దాని వెనుకనున్న హల్లు మాటకు తలకాయ అయింది. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. తెలుగులో ఇది ఎంత విస్తారంగా, ఎంత క్రమంగా జరిగిందో భద్రిరాజు కృష్ణమూర్తి గారు తమ పరిశోధనల్లో చూపించారు. ‘ఎన్’ వంటి మూలరూపానికి ‘అ’ చేరి, అచ్చు జరిగితే వచ్చేదే మన ‘నా’. అదే దారిలో ‘ఎమ్’ నుంచి ‘మా’ వచ్చింది. ఆ తరువాత ‘నా, నన్ను, నాకు’ అనే రూపాలన్నీ నకారంతో మొదలవుతుంటే ‘ఏను’ ఒక్కటే ఒంటరిగా మిగిలి, వాటి వరుసలోకి ‘నేను’గా చేరింది, ‘మా, మమ్ము’ల పక్కన ‘ఏము’ కూడా ‘మేము’ అయింది.

కాబట్టి కొరియన్ ‘నా’తో పోల్చవలసింది మన ‘నా’ను కాదు; ‘యాన్’నో ‘ఎన్’నో పోల్చాలి. కొరియన్ మాటలో నకారం ముందుంది, మన మాటలో మొదట అది చివర ఉండేది. వెనక్కి నడిచిన కొద్దీ ఆ రెండూ విడిపోతున్నాయి.

మీరు చెప్పిన ‘ని’ సంగతి ఇంకా చిత్రమైనది. కొరియన్‌లో ‘నా యొక్క’ అనే మాటకూ ‘నీ యొక్క’ అనే మాటకూ రాతలో వేర్వేరు అచ్చులున్నాయి. కానీ ఉచ్చారణలో ఆ రెండు అచ్చులూ కలిసిపోయి, రెండు మాటలూ ఇంచుమించు ‘నె’ అనే వినిపించసాగాయి. నాదో నీదో తెలియకపోతే సంభాషణ సాగదు గనుక, ‘నీ’ అనే అర్థంలో ‘ని’ అని పలకడం వాడుకలోకి వచ్చింది. వేల ఏళ్ల చుట్టరికానికి సాక్ష్యమని మీరు అనుకున్నది, ఆధునిక కొరియన్ తన ఇంట్లోని ఇబ్బందిని తీర్చుకోవడానికి చేసుకున్న సర్దుబాటు.

మీ పుటలోని సంస్కృత ‘న’, రష్యన్ ‘నా’ నిజంగా ఒకే కుటుంబానికి చెందిన భాషల మాటలు. అయినా ఆ రెండింటికీ సంబంధం లేదు. సంస్కృత ‘న’కు రష్యన్‌లో తోబుట్టువు ‘కాదు’ అనే అర్థమున్న ‘నె’. మనం ‘అన్యాయం’, ‘అనవసరం’ అన్నప్పుడు ముందు చేరే ‘అ’, ‘అన్’లూ, ఇంగ్లీషులో వ్యతిరేకార్థమిచ్చే ‘అన్’ కూడా ఆ ఇంటివే. ‘మీద’ అనే అర్థమున్న రష్యన్ ‘నా’కు బంధువు ఇంగ్లీషు ‘ఆన్’, గ్రీకు ‘అనా’. ఒకేలా వినిపించేవి పరాయివై, వేరుగా వినిపించేవి సొంతవి కావడం ఈ రంగంలో రోజూ జరిగేదే.

చివరగా ఒక ముతక లెక్క. ఒక భాషలో పదిహేను హల్లులు, అయిదు అచ్చులు ఉన్నాయనుకుంటే, ఒక హల్లూ ఒక అచ్చూ కలిసిన అక్షరాలు 75 వస్తాయి. లోకంలో దాదాపు 7,000 భాషలున్నాయి. ‘నేను’ అనే అర్థానికి ప్రతి భాషా ఇలాంటి అక్షరాన్నే గుడ్డిగా ఏరుకున్నా, 7,000ను 75తో భాగిస్తే, తొంభైకి పైగా భాషల్లో అది ‘నా’యే అవుతుంది. నిజానికి భాషలన్నీ ఇంత పొట్టి మాటలనే ఎంచుకోవు, అలాగే నకారమూ అకారమూ మిగతావాటికంటే చాలా ఎక్కువ భాషల్లో ఉంటాయి. అందువల్ల ఈ లెక్కను అటూ ఇటూ జరపవచ్చు. ఎంత జరిపినా, మూడు నాలుగు భాషల్లో కలవడం ఆశ్చర్యపడవలసిన విషయం మాత్రం కాదు.

జవాబు: దుబాసి

పాతపుటలు గారు చరిత్ర వైపు నుంచి చెప్పారు. నేను రాతలు పక్కన పెట్టి, చెవికి వినిపించేదాని వైపు నుంచి ఒక అభ్యంతరం లేవనెత్తుతాను: సంచారి గారి పుటలో ఉన్నవన్నీ అసలు ఒకే ధ్వనేనా?

తెలుగులో మనకు ‘న’కూ ‘నా’కూ పెద్ద తేడా ఉంది. రష్యన్‌కు ఆ తేడా పట్టదు. సంస్కృతానికి పడుతుంది, అక్కడి ‘కాదు’ హ్రస్వం. ఇక థాయ్‌ సంగతికొస్తే, ‘నా’ అని తెలుగు లిపిలో రాయగానే అసలు విషయం జారిపోతుంది. స్వరాన్ని ఎత్తకుండా దించకుండా సమంగా పలికితే వరిపొలం. పై నుంచి కిందికి జారుస్తూ పలికితే ముఖం. పైస్థాయిలో పలికితే అమ్మకు చెల్లెలో తమ్ముడో. కింద మొదలుపెట్టి పైకి లేపితే ‘మందమైన’ అనే అర్థం. తెలుగువాళ్లం సాధారణంగా ప్రశ్న అడిగేటప్పుడు చివర స్వరం లేపుతాం. థాయ్ నేర్చుకునే తొలిరోజుల్లో ‘పొలమా?’ అని అడగబోయి, నేనూ అలాగే స్వరం లేపేసి ‘మందం’ అన్నాను. ఎదుటివారు నవ్వలేదు, వారికి అర్థం కాలేదు, అంతే. వారి చెవికి అది ‘తప్పుగా పలికిన పొలం’ కాదు, పూర్తిగా వేరే మాట.

చైనీస్‌లో ఇంకా సున్నితమైన వ్యవహారం. స్వరం దిగితే ‘నా’ అంటే ‘అది’. దిగి లేస్తే ‘ఏది’. లేస్తే ‘పట్టుకో, తీసుకో’. చూపించే మాటకూ అడిగే మాటకూ మధ్య అడ్డుగోడ ఒక్క స్వరమే. కనుక థాయ్, చైనీస్ మాటలను ‘నా’ అని రాసుకోవడమంటే మనిషి చిత్రం గీసి తల వదిలేయడం.

మరో సందేహం, ‘నా’ అనేది అన్నిచోట్లా ఒక మాటేనా అన్నది. పోర్చుగీసు ‘నా’ నిజానికి రెండు మాటల అతుకు: ‘లో’ అనే అర్థమున్న ‘ఎమ్’, స్త్రీలింగ ఉపపదమైన ‘ఆ’ కలిసిపోతే మిగిలిన ముక్క అది. మన ‘నా’ కూడా ముందరి అచ్చును పోగొట్టుకునే పుట్టిందని పాతపుటలు గారు చెప్పినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. తెలుగులోనే ‘నేను సరిగ్గా విన్నానా?’ అన్నప్పుడు చివర వినిపించే ‘నా’ మాట కాదు. ఉత్తమపురుషను చూపే ‘ను’, ప్రశ్నార్థకమైన ‘ఆ’ కలిసిన రూపం. మన భాష రానివారెవరైనా ఇలాంటి పుటే రాసుకుంటూ, ‘తెలుగులో నా అంటే ప్రశ్న’ అని అందులో ఎక్కించరని నమ్మకమేమిటి?

స్వాహిలీ గురించి ఒక్క మాట చెప్పి ఆపుతాను, ఎందుకంటే నాకు ఆ భాషలో అన్నిటికంటే ఇష్టమైన విషయం ఇదే. ఆ భాషలో ‘నాకు ఉంది’ అని చెప్పడానికి ప్రత్యేకమైన క్రియ లేదు. ‘ని’ అంటే నేను, ‘నా’ అంటే తో. ‘నినా కితాబు’ అంటే ‘నేను పుస్తకంతో’, అంటే నా దగ్గర పుస్తకం ఉంది. అదే ధ్వని క్రియ మధ్యలో దూరితే వర్తమానకాలం: ‘నినసోమా’, నేను చదువుతున్నాను. మీ పుటలో స్వాహిలీకి ఎదురుగా రెండు ముక్కల్లో ‘మరియు, తో’ అని రాసి ఉంటే, దాని పని సగం కూడా రాయనట్టే.

జవాబు: శబ్దార్థి

వేర్వేరు భాషల్లో ఒక ధ్వనికి వేర్వేరు అర్థాలుండటం మీకు వింతగా ఉంది. ఒకే భాషలో, ఒకే గ్రంథంలో, ఒకే అక్షరానికి రెండు దూరపు అర్థాలుంటే పాఠకుడు ఏమి చేస్తాడన్నది నాకు ఇంకా ఆసక్తికరంగా కనిపిస్తుంది. వేదభాషలో ‘న’కు ‘కాదు’ అనే అర్థమూ ఉంది, ‘వలె’ అనే అర్థమూ ఉంది. వేదపదాల అర్థాలను వివరించే నిరుక్తం అనే గ్రంథం ఆరంభంలోనే, దాని కర్త యాస్కుడు ఈ చిక్కును ఎత్తుకున్నాడు: వాడుక భాషలో ఇది నిషేధార్థకం మాత్రమే, వేదంలో రెండూ ఉన్నాయి అంటాడు. ‘నేంద్రం దేవమమంసత’ అన్నప్పుడు ‘ఇంద్రుణ్ణి దేవుడిగా తలచలేదు’ అని అర్థం. ‘దుర్మదాసో న సురాయామ్’ అన్నప్పుడు ‘మద్యంతో మత్తెక్కినవారివలె’ అని అర్థం. రెండింటినీ వేరుచేయడానికి ఆయన చెప్పిన గుర్తు చాలా తేలికైనది: నిషేధించే ‘న’ తాను నిషేధించేదానికి ముందు వస్తుంది, పోల్చే ‘న’ తాను పోల్చేదాని వెనుక వస్తుంది.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, పొట్టి మాటకు అర్థం దాని ధ్వనిలో లేదు, అది నిలుచున్న చోటులో ఉంది. మన పాత పద్యాల్లో ‘నాఁ’, ‘నాఁగ’ అంటే ‘అనఁగా’ అని అర్థం. ‘నా’ అంటే నాది. తెలుగు పాఠకుడు ఈ రెండింటి మధ్య తడబడకపోవడానికి అరసున్నతో పాటు పదం స్థానం కూడా కారణమే. జపనీస్‌లోనూ ఇలాంటిదే ఉంది: ‘తబేరునా’ అంటే ‘తినవద్దు’, చనువుగా ‘తబేనా’ అంటే ‘తిను’. చివరి ‘నా’ మారలేదు. అది ఏ రూపానికి అంటుకున్నదో దానినిబట్టి అర్థం తలకిందులైంది.

సంచారి

అందరికీ కృతజ్ఞతలు. ‘ఏను’ సంగతి చదివాక ‘నా’ విషయంలో నా పట్టు సడలింది. అయినా ఒక మాట అడగనివ్వండి. కలిసేది ‘నా’ ఒక్కటే అయితే కాకతాళీయం అనుకుందును. కొరియన్‌లో తండ్రిని ‘అప్పా’ అంటారు, తల్లిని ‘ఒమ్మా’ అంటారు. ‘రా’ అనడానికి ‘వా’ అంటారు, తమిళంలోనూ ‘వా’యే. కొరియన్ వాక్యంలోనూ మనలాగే క్రియ చివర వస్తుంది. ఇన్ని కలిసినప్పుడు కూడా లెక్కల ప్రకారం సరిపోయిందని అనుకోవాలా?

జవాబు: పాతపుటలు

ఇది మీ ఒక్కరికే వచ్చిన అనుమానం కాదు. హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్ వ్యాకరణాన్ని ద్రావిడభాషల వ్యాకరణంతో పోల్చుతూ ఒక పుస్తకమే ప్రచురించాడు. నూరేళ్లు దాటినా ఆ వాదం భాషాశాస్త్రంలో నిలబడలేదు. కారణాలు మీ ఉదాహరణల్లోనే ఉన్నాయి.

కొరియన్ ‘వా’ను విప్పండి. ఆ క్రియకు ధాతువు ‘ఒ’. దానికి ‘అ’ అనే ప్రత్యయం చేరితే, ‘ఒ’, ‘అ’ కలిసి ‘వా’ అని వినిపిస్తుంది. తమిళ ‘వా’ను విప్పితే లోపల ‘వర్’ అనే ధాతువు కనిపిస్తుంది. ‘వరుమ్’ అన్నప్పుడు అది బయటపడుతుంది. మన ‘రా’ కూడా ఆ ‘వర్’ నుంచి, ‘రోలు’ నడిచిన దారిలోనే వచ్చింది. కాబట్టి తమిళ ‘వా’కు అసలైన తోబుట్టువు, దానితో ఒక్క హల్లు కూడా పంచుకోని తెలుగు ‘రా’. కొరియన్ ‘వా’ పోలిక సంధి చేసిన గారడీ.

‘అప్పా, ఒమ్మా’ల సంగతి వేరు. అమ్మానాన్నల పేర్లు చుట్టరికానికి సాక్ష్యంగా చెల్లవు. 1,072 తల్లిదండ్రుల పదాలను మానవశాస్త్రవేత్త జార్జ్ మర్డాక్ సేకరిస్తే, వాటి ఆధారంగా భాషావేత్త రోమన్ యాకబ్సన్ ఒక ప్రసిద్ధ వ్యాసం రాశాడు. తల్లిని సూచించే పదాల్లో 55 శాతం అనునాసికాలతో, అంటే మ, న వంటి ముక్కుధ్వనులతో ఉన్నాయి, తండ్రి పదాల్లో అవి 15 శాతమే. మాటలు రాని పసిపిల్లలు ముందుగా పలికేవి పెదవులతో పలికే తేలిక ధ్వనులు. నోటినిండా పాలుండగా చేయగలిగేది ముక్కుతో వచ్చే మూలుగు ఒక్కటే. దాన్ని పెద్దలు ‘నన్నే పిలుస్తోంది’ అనుకుంటారు. అందుకే సంబంధం లేని భాషల్లో ఒకే రకమైన పేర్లు మళ్లీ మళ్లీ పుడతాయి. ఎవరిని ఏ ధ్వనితో పిలవాలన్నది మాత్రం ఎక్కడా రాసిపెట్టి లేదు. జార్జియన్‌లో ‘మామా’ అంటే తండ్రి, ‘దేదా’ అంటే తల్లి. మనకు ‘మామ’ ఎవరో చెప్పనక్కరలేదు.

జపనీస్‌లో 1516 నాటి పొడుపు కథల సంకలనంలో ఒకటుంది: ‘తల్లితో రెండుసార్లు కలుస్తాయి, తండ్రితో ఒక్కసారీ కలవవు; ఏమిటవి?’ జవాబు, పెదవులు. ఈనాటి జపనీస్‌లో తల్లి ‘హహ’, తండ్రి ‘చిచి’. రెండింటిలోనూ పెదవులు కలవవు, కనుక పొడుపు కథ అర్థం కాదు. ఆ కాలంలో ‘హహ’ను ‘ఫఫ’కు దగ్గరగా పెదవులు చేర్చి పలికేవారని పండితులు ఊహించడానికి ఆధారాల్లో ఈ పొడుపు కథ ఒకటి. అంతకంటే వెనక్కి వెళ్తే అది ‘పప’. అంటే ఒకప్పుడు జపాన్‌లో ‘పప’ అంటే తల్లి!

క్రియ చివర రావడం లోకంలో అతి సాధారణమైన పదక్రమం. దాన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటే చుట్టాల జాబితాకు అంతుండదు.

మరి ఏది సాక్ష్యం? పోలిక కాదు, క్రమబద్ధత. ఆర్మీనియన్‌లో రెండును ‘ఎర్కు’ అంటారు. సంస్కృత ‘ద్వౌ’తో దానికి కనిపించే పోలిక శూన్యం. అయినా రెండూ ఒకే మాట, ఎందుకంటే మూలభాషలో ‘ద్వ’ ఉన్న ఇతర మాటల్లోనూ ఆర్మీనియన్ ‘ఎర్క’నే చూపిస్తుంది. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచేది ఆస్ట్రేలియాలోని ఎంబాబరమ్ భాష. ఆ భాషను నమోదు చేస్తున్న ఆర్. ఎం. డబ్ల్యు. డిక్సన్‌కు కుక్కను ‘డాగ్’ అంటారని తెలిసింది. ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నారనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఇరుగుపొరుగు భాషల్లో కుక్కను ‘గుడగ’ అంటారు; ఎంబాబరమ్‌లో మాటల మొదటి భాగం రాలిపోవడం, అచ్చులు మారడం ఒక పద్ధతి ప్రకారం జరిగాయి. ‘గుడగ’ ఆ దారిలో నడిచి, నడిచి, ఇంగ్లీషు మాట వాకిట్లోకి వచ్చి ఆగింది.

జవాబు: ఎదురుప్రశ్న

పాతపుటలు గారి వాదంతో మొత్తానికి ఏకీభవిస్తూనే, ‘పోలిక ఉంటే చుట్టరికం, లేకపోతే గుడ్డి లాటరీ’ అన్నట్టు చర్చ సాగడం నాకు సరిగా అనిపించడం లేదు. మూడో దారి ఒకటుంది. మనుషులందరికీ ఉన్నది ఒకే నోరు, ఒకే ముక్కు గనుక, కొన్ని అర్థాలు కొన్ని ధ్వనుల వైపు మొగ్గుతాయి. తల్లిదండ్రుల పేర్ల విషయంలో ఆయనే దాన్ని ఒప్పుకున్నారు. అక్కడితో ఎందుకు ఆగాలి?

డమియాన్ బ్లాసీ, ఆయన సహచరులు 2016లో వేల భాషల మూలపదాలను పోల్చి ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఒకదానితో ఒకటి సంబంధం లేని భాషల్లో సైతం ముక్కును సూచించే మాటలో నకారం, నాలుకను సూచించే మాటలో లకారం ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ. మన ‘ముక్కు’ ఆ మాట వినలేదు గాని, ‘నాలుక’ విన్నది.

అయితే ఈ దారిలో తూలిపడటం కూడా తేలికే. డేనిష్ పండితుడు ఒట్టో యెస్పర్సన్, ‘కాదు’ అనే మాటలో నకారం ఉండటానికి కారణం, రోతగా ఉన్నప్పుడు మనం ముక్కు చిట్లించడమేమో అని ఊహించాడు. సంస్కృతం, రష్యన్, హిందీ చూస్తే నిజమేననిపిస్తుంది. కానీ ఆ మూడూ ఒకే కుటుంబంలోవి కనుక అది మూడు సాక్ష్యాలు కావు, ఒకటే. పైగా గ్రీకులో ‘నె’ అంటే ‘అవును’. కొరియన్‌లోనూ ‘నే’ అంటే ‘అవును’. ముక్కు చిట్లించే సిద్ధాంతం అక్కడ తల ఊపవలసి వస్తుంది.

‘నేను’, ‘నీవు’ అనే మాటల్లో అనునాసికాలు ఎక్కువగా కనిపిస్తాయన్నది చాలామంది గమనించిన విషయమే. దాన్నే పట్టుకుని జోసెఫ్ గ్రీన్‌బర్గ్ 1987లో ఉత్తర, దక్షిణ అమెరికాల్లోని స్థానిక భాషల్లో అత్యధిక భాగాన్ని ఒకే కుటుంబంగా కలిపివేశాడు. ఆ భాషల మీద పనిచేసేవారిలో ఎక్కువమంది ఒప్పుకోలేదు. పోలికలు చూపించాడేగాని క్రమబద్ధత చూపించలేదన్నదే వారి ప్రధాన ఆక్షేపణ. హౌసా ‘నా’నూ అరబ్బీ ‘నా’నూ సంచారి గారు పక్కపక్కన పెట్టడం చూసినప్పుడు నాకు అదే గుర్తుకొచ్చింది. ఆ రెండు భాషలనూ ఆఫ్రో ఏషియాటిక్ అనే ఒకే పెద్ద కుటుంబంలో చేరుస్తారు కాబట్టి, మీ పుటలో మిగతావాటికంటే ఆ జతను విచారించడం న్యాయం. ఆ విచారణ కూడా పాత రూపాల నుంచే మొదలుకావాలి.

సంచారి

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. నిన్న రాత్రి ఆ పుటను మళ్లీ రాశాను. థాయ్, చైనీస్ మాటలకు స్వరాలు గుర్తుపెట్టాను. దుబాసి గారు చెప్పింది నిజమే, గుర్తులు పెట్టగానే అవి ఆ పుటలో ఇమడటం మానేశాయి, వాటికి వేరే పుట తీశాను. స్వాహిలీకి ఎదురుగా ‘నినా కితాబు’ వాక్యాన్ని పూర్తిగా రాసుకున్నాను. రష్యన్ ‘నా’ పక్కన ‘ఆన్’, సంస్కృత ‘న’ పక్కన ‘నె’ చేరాయి. హౌసా, అరబ్బీల మధ్య గీసిన గీతను చెరపకుండా దాని మీద ప్రశ్నార్థకం ఉంచాను. కొరియన్ వైపు గీసిన గీతను మాత్రం కొట్టివేశాను. ఆ పని చేయడానికి కాస్త కష్టమే అనిపించింది.

చివరికి తెలుగు ‘నా’కు ఎదురుగా చుట్టమని రాయడానికి ఒక్క మాటే మిగిలింది, తమిళ ‘ఎన్’. చూపుకు పోలిక లేనందువల్ల, ఇన్నాళ్లూ ఆ పుటలో దానికి చోటే ఇవ్వలేదు.